మోబీ డిక్ పక్కన పెట్టి ఇవి ఇవ్వండి

ఓడల మీద తిరిగినవాళ్లే రాసిన నవలలు కావాలని ఇంటర్ చదివే మీ అబ్బాయికి ‘మోబీ డిక్’ కొనిచ్చారు, వాడేమో కొన్ని పేజీలకే పడేశాడు, అంతేగా అండీ? అందులో తిమింగలాల పాఠాలు పెద్దవాళ్ల ఓపికకే పరీక్ష. ప్రస్తుతానికి అటకెక్కించేయండి.

ముందు జోసెఫ్ కాన్రాడ్ ‘యూత్’ ఇవ్వండి. చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది. కాన్రాడ్ సెకండ్ మేట్‌గా (ఓడలో ఒక అధికారి హోదా) ఉన్న ‘పాలస్తీన్’ ఓడ బొగ్గు వేసుకుని బ్యాంకాక్ వెళ్తూ 1883లో సుమత్రా దగ్గర తగలబడింది. కథలో దాని పేరు ‘జూడియా’. లోపల బొగ్గు రాజుకుంటూనే ఉంటుంది, పైనుంచి ఓడవాళ్లు నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆఖరికి డెక్ పేలి, కథానాయకుడైన కుర్రాడి కనుబొమలు, అప్పుడే వస్తున్న మీసం కాలిపోతాయి. మీవాడికి ఇది ఎక్కకపోతే ఇంకేదీ ఎక్కదు!

తర్వాత ‘మోబీ డిక్’ రాసిన మెల్విల్‌దే మొదటి పుస్తకం ‘టైపీ’, 1846 నాటిది. ఆయన 1842లో తిమింగలాల వేట ఓడ నుంచి పసిఫిక్‌లోని నూకుహివా దీవిలోకి పారిపోయాడు. ఉన్నది నెల రోజులు, రాసింది నాలుగు నెలలని. ఆ మాత్రం కోతలు ఉంటాయి లెండి.

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ‘యూత్’ విడిగా దొరక్కపోతే, కాన్రాడ్‌దే ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’తో కలిపి వేసిన పుస్తకం అడగండి. అదీ లేకపోతే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ‘యూత్’, ‘టైపీ’ రెండూ ఫ్రీ.