నిద్రమాత్ర ఒక్కసారిగా ఆగిపోతే ఏం చేయాలి?

అమ్మగారు రెండేళ్లుగా రోజూ రాత్రి అల్ప్రాజొలాం వేసుకునేవారని, మాత్రలు అయిపోయి మూడు రోజులైందని, నిద్ర లేక చేతులు వణుకుతున్నాయని రాశారు. ఓర్చుకుంటే అదే తగ్గుతుందని దయచేసి ఇంట్లో కూర్చోబెట్టకండి, ఈరోజే డాక్టర్‌కి చూపించండి.

మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి ఆ మాత్ర ఇన్నాళ్లూ బలమిచ్చింది, మెదడు దానికి అలవాటుపడింది, ఇప్పుడు ఆ ఆసరా ఒక్కసారిగా పోయేసరికి వణుకు, చెమటలు, గుండెదడ, టెన్షన్ మొదలవుతాయి, కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి కూడా వస్తుంది. అల్ప్రాజొలాం త్వరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ఇవి కనిపిస్తాయి, అదే రకం మాత్ర డయజెపాం అయితే వారం దాకా పట్టొచ్చు. ఇది ఆవిడ మనోబలం తక్కువై వచ్చింది కాదు, ఆ మాట ఆవిడతో కూడా చెప్పండి.

సాధారణంగా డాక్టర్ మళ్లీ మాత్ర మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తారు. నెలలు పడుతుంది, పట్టనివ్వండి. పాత చీటీ, ఖాళీ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. పక్కింటివాళ్ల మాత్రలు వద్దు, మద్యం అసలే వద్దు.

ఈలోపు ఒంటరిగా వదలకండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఉపయోగం లేదు.