సమాధానం: సికిల్ సెల్ – గ్రూపు ఒకటే, అయినా క్రాస్‌మ్యాచ్ కుదరట్లేదు

సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న మీ చెల్లికి నలుగురు ఓ పాజిటివ్ దాతల రక్తమూ క్రాస్‌మ్యాచ్‌లో (దాత, రోగి రక్తం కలిపి చూసే పరీక్ష) కుదరలేదంటే, పాత రక్తం ఎక్కింపుల వల్ల తయారైన యాంటీబాడీలే (పరాయి కణాల మీద దాడికి ఒళ్లు తయారుచేసుకునేవి) కారణం అయ్యుండొచ్చు. దాతల్లో లోపమేం లేదు. గ్రూపు చూసి ఇంకో పదిమందిని పోగేసినా ఇదే తంతు కావొచ్చు.

1. బ్లడ్ బ్యాంకులో యాంటీబాడీ స్క్రీనింగ్ (యాంటీబాడీలు ఉన్నాయా), ఐడెంటిఫికేషన్ (ఉంటే ఏవి) అడగండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఫినోటైపింగ్, అంటే ఓ పాజిటివ్ లాంటి గ్రూపు కాకుండా ఎర్రకణాల మీద ఉండే మిగతా గుర్తులు (యాంటీజెన్లు) చూసే పరీక్ష. పెద్ద సి (C), చిన్న సి (c), పెద్ద ఈ (E), చిన్న ఈ (e), కెల్ (K) అనే గుర్తులు చూడాలి. అసలు మొదటి ఎక్కింపుకు ముందే చేయాల్సిన పరీక్ష. గత 3 నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే దాత కణాలు కలిసిపోయి ఫలితం తప్పుతుంది. అప్పుడు జీనోటైపింగే (ఆ గుర్తులను డీఎన్‌ఏ ద్వారా తెలుసుకునే పరీక్ష) దారి.

3. యాంటీబాడీ పేరు కార్డు మీద రాయించుకోండి. కొన్నాళ్లకు ఆ యాంటీబాడీ పరీక్షకు అందనంత తగ్గిపోవచ్చు. వేరే ఆసుపత్రిలో క్రాస్‌మ్యాచ్ 'కుదిరింది' అని ఎక్కించేస్తారు; అప్పుడు యాంటీబాడీ మళ్లీ పెరిగి ఆ కణాలను పగలగొడుతుంది. రక్తం ఎక్కించిన తర్వాత నాలుగు వారాల్లోపు మూత్రం కోలా రంగుకు తిరిగినా, నొప్పులు, కామెర్లు వచ్చినా ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి. మళ్లీ రక్తం ఎక్కించబోతే ముందు ఈ కార్డు చూపించండి.

4. దాతకు సికిల్ ట్రెయిట్ (జబ్బు లేకున్నా ఒక సికిల్ జన్యువు ఉండటం) ఉండకూడదు. ఎముక మజ్జ మార్పిడి ఆలోచన ఉంటే తోబుట్టువుల రక్తం వద్దు.