కుట్టు మెషిన్ సరదాకా, సంపాదనకా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: మాది బరంపురం. మావారు రైల్వేలో చేస్తారు, చేతికి 34,000 వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 14,000. ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదు. పాప ఆరో తరగతి. అద్దె, ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 33,000. మామగారి ఆపరేషన్‌కి తీసుకున్న అప్పు వాయిదా 6,200, ఇంకా 14 నెలలుంది. పీపీఎఫ్‌లో 2,000 వేస్తున్నాం. బ్యాంకులో 60,000 ఉన్నాయి. పాతకాలం ఇంగ్లిషు సినిమాల్లో కనిపించే గొడుగులాంటి ఫ్రాకులు నాకూ పాపకూ ఇంట్లోనే కుట్టుకోవాలని ఎప్పటినుంచో కోరిక. 32,000 మెషిన్ 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో, అంటే వడ్డీ లేని వాయిదాల్లో, ఇస్తామన్నారు. చీరలకు ఫాల్స్, పీకో చేస్తే చీరకు వంద చొప్పున వస్తుందని, అలాగైతేనే కొనమని మావారు అంటున్నారు. అత్తగారేమో అటక మీదున్న తన పాత తొక్కుడు మెషిన్ వాడుకోమంటారు. విశ్వకర్మ పథకంలో మెషిన్ వస్తుందని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒక్కటే, ఆ పీకో లెక్క. 32,000 రాబట్టాలంటే వంద చొప్పున 320 చీరలు కుట్టాలి. దారం, కరెంటు ఖర్చు ఇంకా కలపలేదు. స్కూలు నుంచి వచ్చి, పేపర్లు దిద్ది, వంట చేసి రోజుకొక చీర కుట్టినా దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో ఒక్క ఫ్రాకూ కుట్టలేరు. సరదా కోసం కొన్న మెషిన్ రెండో ఉద్యోగమై కూర్చుంటుంది. కుట్టు నేర్చుకోవడం మీ సరదా. దాన్ని సరదా ఖర్చు కిందే రాయండి, పెట్టుబడి అని పేరు మార్చకండి. పేరు మార్చగానే 12,000తో అయ్యే పని 32,000 అవుతుంది. నేనూ అలాగే ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని 24,000 పెట్టి వాయిదాల మీద సంగీతం వాయించే కీబోర్డు కొన్నాను. ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడానికి బాగా పనికొస్తోంది.

ఇప్పుడు ఈఎంఐ సంగతి. స్కూలు నడిచే నెలల్లో మీకు 48,000 వస్తే 41,200 పోతుంది. చేతిలో 6,800 మిగులుతుంది కాబట్టి 2,667 వాయిదా తేలికే అనిపిస్తుంది. జీతం రాని ఆ రెండు నెలలు చూడండి. మీవారి 34,000తోనే అన్నీ గడవాలి, అంటే నెలకు 7,200 లోటు. దానికి మెషిన్ వాయిదా తోడైతే లోటు పదివేలకు చేరుతుంది. నో కాస్ట్ అన్న మాట నమ్మే ముందు ‘మొత్తం నగదు ఇస్తే ఎంతకిస్తారు?’ అని అడగండి. తగ్గించి చెప్పారంటే ఆ తేడాయే వడ్డీ. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి.

విశ్వకర్మ పథకం మీకు వర్తించదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ కేంద్ర ప్రభుత్వ పథకంలో దర్జీలకు పనిముట్ల కోసం 15,000 ఇస్తున్న మాట నిజమే. కానీ అది సొంతంగా కుట్టుపని చేసి బతికేవాళ్ల కోసం. పైగా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారి కుటుంబానికి అర్హత లేదు. మీవారిది రైల్వే ఉద్యోగం కదా, అక్కడితో ఆ మాట వదిలేయండి.

నా ఓటు అత్తగారికే. మీరు చెప్పే ఫ్రాకుల కాలంలో ఇళ్లలో ఉన్న మెషిన్లు చాలావరకు నేరుగా ఒక్క కుట్టు వేసేవే. ఆ ఫ్రాకులు వాటి మీద కుట్టినవే. పాత మెషిన్‌కి జిగ్‌జాగ్ (వంకర కుట్టు) రాదు, కాజాలు రావు. అంచు పీచు లేవకుండా ఫ్రెంచ్ సీమ్ వేయండి. ముందు మంచివైపు నుంచి ఒకసారి కుట్టి, తిరగేసి రెండోసారి కుడితే చివరలు లోపలే ఉండిపోతాయి. కాజాలు టైలర్ దగ్గర వేయించుకోవచ్చు, లేదా పక్కన జిప్ పెట్టుకోవచ్చు.

నిజానికి డబ్బు కారిపోయేది మెషిన్ దగ్గర కాదు, బట్ట దగ్గర. ఆ ఫ్యాషనే బట్టను దండిగా వాడటానికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల బ్రిటన్‌లో 1941 నుంచి 1949 దాకా బట్టలకు కూడా రేషన్ ఉండేది. ఆ కరువు ఇంకా తీరకముందే, 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, మీటర్ల కొద్దీ ఘేరు (అడుగు చుట్టుకొలత) ఉన్న స్కర్టులు దించాడు. 1950ల ఫ్రాకులు చాలావరకు ఆ దారినే నడిచాయి. లెక్క వేసి చూపిస్తాను. మీ నడుము 30 అంగుళాలు అనుకుందాం. 30ని 6.28తో భాగిస్తే 4.8. అది నడుము దగ్గర కత్తిరించే గుండ్రానికి వ్యాసార్ధం. దానికి 26 అంగుళాల పొడవు, మడతకు అర అంగుళం కలిపితే 31 దాటుతుంది. 44 అంగుళాల పన్నాలో పూర్తి గుండ్రం పట్టదు, రెండు సగాలుగా కత్తిరించాలి. ఒక్కో సగానికి 63 అంగుళాల పొడవు కావాలి. మొత్తం స్కర్టుకే మూడుంపావు మీటర్లు. పైభాగానికి ఇంకో మీటరున్నర. మీటరు 180 అనుకున్నా బట్టకే 850 దాటుతుంది. జిప్, దారం, నడుము పట్టీ కలిపి ఫ్రాకుకి వెయ్యి రూపాయలని రాసుకోండి.

ఇక్కడే మీ ఇంటి బీరువా పనికొస్తుంది. పాత నూలు చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, అందులో ఒక పెద్దవాళ్ల ఫ్రాకు వస్తుంది. కానీ చీర అంచు నిటారుగా ఉంటుంది, గుండ్రటి స్కర్టు అడుగున తిరగదు. అంచు అందంగా కనిపించాలంటే గుండ్రం మానేసి, అంచు వైపు నుంచి మూడు మీటర్లు తీసుకుని నడుము దగ్గర కుచ్చులు పెట్టండి. మన పరికిణీ లెక్కే. అది కూడా ఆ కాలం ఫ్రాకే. పట్టుచీరల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. నేను మీ పక్కనే ఇచ్ఛాపురంలో పెరిగాను. పెళ్లి బట్టలకని, పట్టుకు పేరున్న మీ ఊరొచ్చి ‘ఊరికే చూద్దాం’ అని కొట్లో కూర్చున్న ప్రతిసారీ జేబు ఎలా ఖాళీ అయ్యేదో నాకు తెలుసు. మీరు ఆ ఊళ్లోనే ఉన్నారు, మీ కష్టం ఇంకా ఎక్కువ. కుడుతున్న ఫ్రాకు పూర్తయ్యేదాకా కొత్త బట్ట కొననని నియమం పెట్టుకోండి.

స్కూలు నెలల్లో నెలకు 1,200 విడిగా తీయండి. ఏడాదికి 12,000. అందులో పాత మెషిన్ సర్వీసింగ్, మంచి కత్తెర, దగ్గర్లో ఉన్న టైలర్ దగ్గర రెండు నెలల క్లాసు వచ్చేస్తాయి. ఆన్‌లైన్ కోర్సు ఇప్పుడొద్దు. డాట్లు (ఒంటికి అమరేలా వేసే మడత కుట్లు), చంక, చేతులు, జిప్ అన్నవి జాకెట్టు కుట్టే ఆవిడ చేతిని పక్కన కూర్చుని చూస్తే బాగా పట్టుబడతాయి. ఫ్రాకు పైభాగం జాకెట్టుకి చుట్టమే. పాతకాలం ఇంగ్లిషు పేటర్న్ (కత్తిరింపు కాగితం) కొంటే సైజు నంబర్ చూడకండి. పాత నంబర్లు ఇప్పటి వాటికంటే చిన్న కొలతలవి, కవరు మీద అంగుళాలే చూడండి. మొదటిది కోరా బట్టతోనో పాత దుప్పటితోనో కుట్టి, ఒంటికి పెట్టి చూసుకున్నాకే మంచి బట్ట మీద కత్తెర పెట్టండి.

జీతం రాని రెండు నెలల లోటు పోగా ఏడాదిలో ఇంకో 41,000 మిగలాలి, వాటిని బ్యాంకులో ఉన్న 60,000కి చేర్చండి. ఆపదకు మూడు నెలల ఖర్చయినా చేతిలో ఉండాలి, పీపీఎఫ్ కాకుండా అప్పు వాయిదాతో కలిపి మీ ఇంటికి అది 1,17,600. అది నిండేదాకా ఆ డబ్బు మెషిన్‌కి ముట్టొద్దు. 14 నెలలకు అప్పు తీరుతుంది. అప్పటికీ ఫ్రాకులు కుడుతూనే ఉంటే, తీరిన వాయిదా 6,200 రెండున్నర నెలలు పక్కన పెట్టండి. జిగ్‌జాగ్ వేసే మామూలు మెషిన్ నగదుకే కొనుక్కోవచ్చు. కంప్యూటర్ మెషిన్ అక్కర్లేదు.

ఈ ఆదివారం అటక మీంచి మెషిన్ దించాక సూది కింద రేకు జరిపి, కింది దారం ఉండలు పెట్టే బాబిన్ కేసు ఉందో లేదో చూడండి. పాత మెషిన్లలో అది కనబడకుండా పోయి ఉండొచ్చు. లేకపోతే కొత్తది కొనేటప్పుడు సైజు తేడా రాకుండా, మెషిన్ మీదున్న పేరు, నంబర్ ఫోటో తీసుకుని కొట్టుకి వెళ్లండి.