కొలిచి చూడకుండా బ్యాటరీ మార్చకు

అమ్మలూ,

పొద్దున కారు స్టార్టు కాలేదనీ, బ్యాటరీ మార్చేస్తాననీ రాశావు. ఒక్క పూట ఆగమ్మా.

తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటే, బ్యాటరీ పోయిందనే ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకుని ఒకసారి కొత్త బ్యాటరీ వేశాను. నాలుగు రోజులకి మళ్లీ అదే టక్కు. ఇంజన్ని తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు మార్చాను, అయినా అంతే. చివరికి చూస్తే ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు! పావుగంటలో అయ్యే పని. బాగున్న సామాన్లు రెండు పీకి పారేశాక తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు.

అందుకే ముందు ఒక మల్టీమీటరు కొనుక్కో, మామూలుది చాలు. రాత్రంతా కదలని కారులో, తాళం పెట్టకముందే బ్యాటరీ వోల్టులు చూడు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం, ముందు చార్జి చెయ్యాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంకొకరిని తాళం తిప్పమను. నిండుగా ఉన్న బ్యాటరీ 9.6 కిందికి పడిపోతుంటే దాని మీద అనుమానపడొచ్చు. అలా కాకుండా 12 దగ్గరే కదలకుండా నిలబడిందా, కరెంటు సెల్ఫ్ దాకా సరిగ్గా పోవడం లేదనో, సెల్ఫే పాడైందనో అన్నమాట. అప్పుడు బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

అసలు పరీక్ష ఇప్పుడు చెబుతాను. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ సీసపు మొన మీదే ఆనించు, క్లాంపు మీద కాదు. ఎర్ర వైరు ఇంజను మీద, రంగూ జిడ్డూ లేని లోహానికి ఆనించు. మళ్లీ తాళం తిప్పమను. 0.2 లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులో ఉంది. ఒక్కో బోల్టూ విప్పి, వైరు కొసనీ అది కూర్చునే చోటునీ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించు. పైకి శుభ్రంగా కనపడిందని వదిలెయ్యకు, తుప్పు ఎప్పుడూ బోల్టు కిందే దాక్కుంటుంది.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు తియ్యి, చివర్లో పెట్టు. పాజిటివ్ ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. గాజులూ ఉంగరాలూ తీసేసి చెయ్యి పెట్టు తల్లీ.

స్టార్టయ్యాక బ్యాటరీ వోల్టులు మరోసారి చూడు. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగ్ సరిగ్గా ఉన్నట్టు. 12 దగ్గరే ఉండిపోతే ముందు బెల్టు వదులైందేమో నొక్కి చూడు, అదీ ఇంజను ఆపాకే. ఆ బెల్టుతో తిరిగి బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు సంగతి ఆ తర్వాత.

ఇంకొకటి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరకు, స్టాండ్లు పెట్టాల్సిందే. వేడి మీద రేడియేటరు మూత జోలికి పోవద్దు. బ్రేకుల పని మాత్రం తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే నేర్చుకో.

రేపు పొద్దున మీటరు చూపించిన అంకెలన్నీ ఏది ఎప్పుడు కొలిచావో వరసగా రాసి పంపు. బ్యాటరీ సంగతి అవి చూశాక ఇద్దరం తేలుద్దాం.

మీ పెదనాన్న