పై అంతస్తు గీజర్ నీళ్లు సన్నగా వస్తుంటే ప్రెషర్ పంపు పెట్టించాలా?

ఒంగోలులో రెండంతస్తుల ఇల్లు, పై బాత్రూంలో చన్నీళ్లు ధారాళంగా వస్తున్నాయి, గీజర్ నీళ్లు మాత్రం సన్నగా కారుతున్నాయి, ప్లంబర్ పంపు పెట్టించమంటున్నాడు, పెట్టించాలా అని అడిగారు. వద్దండీ. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రెండు నీళ్లూ ఒకే ట్యాంకు నుంచి దిగుతున్నప్పుడు ఒకటి బాగుండి ఇంకోటి బాగాలేదంటే ప్రెషర్ తప్పు కాదు, దారిలో ఎక్కడో అడ్డం పడింది. పంపు పెడితే ఆ అడ్డం కొన్నాళ్లు కనపడకుండా పోతుందంతే.

మన వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ అడ్డం చాలావరకు ఉప్పే. నీళ్లలో కరిగిన కాల్షియం వేడి తగలగానే విడిపోయి తెల్లగా గార కడుతుంది. అందుకే చన్నీళ్ల పైపు బాగానే ఉంటుంది, వేడినీళ్ల వైపే మూసుకుపోతుంది. తాగే నీళ్లకు ఆర్వో పెట్టుకున్నా గీజర్‌లోకి పోయేది ఆ బోరు నీళ్లే కదా!

గీజర్ ఎంసీబీ ఆపేసి, చన్నీళ్లు వచ్చేదాకా వేడినీళ్ల కుళాయి వదిలెయ్యండి. గీజర్‌కు చన్నీళ్లు ఇచ్చే, గోడకున్న చిన్న కుళాయి (యాంగిల్ కాక్) కట్టేసి, కనెక్షన్ పైపు ఊడదీసి, కింద బకెట్ పెట్టి కాక్ తిప్పండి. నీళ్లు జోరుగా పడితే ట్యాంకు లైను మంచిదే. పైపు చివర వాషరుకు జల్లెడ ఉంటే ముందు అది చూడండి, ఇసుకా పీవీసీ తురుమూ అక్కడే ఆగుతాయి.

తర్వాత గీజర్ అడుగున ఇన్‌లెట్‌కున్న ఇత్తడి సేఫ్టీ వాల్వ్. దాన్ని విప్పితే లోపలి నీళ్లన్నీ కిందికి దిగుతాయి, ఖాళీ బకెట్లు దగ్గర పెట్టుకోండి. పెన్ను మొనతో లోపలి మూతను నొక్కితే స్ప్రింగు మెత్తగా దిగి మళ్లీ పైకి రావాలి. గార పట్టిన వాల్వ్‌లో ఆ మూత సగమే తెరుచుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలావరకు వదులుతుంది. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, ఇత్తడినీ రబ్బరునూ తినేస్తుంది. నానినా కదలకపోతే గీజర్ తట్టుకునే ప్రెషర్‌కు తగ్గ కొత్త వాల్వే వేయించండి.

కొందరు ప్లంబర్లు ఆ స్ప్రింగు పీకేసి "ఇప్పుడు చూడండి సార్ ఫోర్సు" అంటారు. ఒప్పుకోకండి. అది లేకపోతే వేడినీళ్లు వెనక్కి చన్నీళ్ల పీవీసీ లైనులోకి పోతాయి, పీవీసీ మెత్తబడుతుంది. ట్యాంకు ఖాళీ అయిన రోజు గీజర్ నీళ్లూ వెనక్కి దిగిపోతే ఎలిమెంటు కాలిపోతుంది. నీళ్లు కాగేటప్పుడు ఆ వాల్వ్ నుంచి చుక్కలు పడటం మామూలే, దానికి బిరడా కొట్టకండి.

గీజర్ నుంచి వేడినీళ్లు బయటికొచ్చే అవుట్‌లెట్ నిపుల్‌లోనూ మిక్సర్ వేడి వైపూ గార పెచ్చులు చూసి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, వేడినీళ్ల కుళాయిలో ధార తెగకుండా వచ్చాకే స్విచ్ వెయ్యండి. థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర ఉంచితే గార నెమ్మదిగా కడుతుంది.

చన్నీళ్లు కూడా సన్నగా వచ్చేవాళ్ల సంగతి వేరు. ట్యాంకులో నీటి మట్టం కుళాయికి 10 మీటర్ల పైన ఉంటే వచ్చే ప్రెషర్ దాదాపు 1 బార్ (ప్రెషర్‌ను బార్లలో కొలుస్తారు). ట్యాంకును స్లాబు మీదే కూర్చోబెడితే, దాని కిందే ఉన్న బాత్రూం షవరుకు దక్కేది ఒకటి రెండు మీటర్లే, అంటే 0.1, 0.2 బార్. టైల్సుకూ సీలింగుకూ లక్షలు పోస్తారు, ట్యాంకు నుంచి దిగే పైపు దగ్గర మాత్రం ముప్పావు అంగుళం చాల్లే అంటారు! పై అంతస్తుకు విడిగా అంగుళం లైను దించి, ట్యాంకు వాల్వ్ తర్వాత ట్యాంకు కన్నా ఎత్తుగా గాలి గొట్టం పెట్టించండి. గాలి పట్టేసి నీళ్లు ఆగే బాధ దాంతో పోతుంది.

అప్పటికీ చాలకపోతే పంపు పెట్టుకోండి. వేడి, చల్ల లైన్లు విడిపోకముందే బిగించాలి, లేకపోతే మిక్సర్‌లో ఒకటి ఇంకోదాన్ని వెనక్కి తోస్తుంది. గీజర్ ప్లేటు మీద ఎన్ని బార్లు తట్టుకుంటుందో రాసుంటుంది, చూసి కొనండి. గాలి గొట్టం ఉన్న సోలార్ ట్యాంకు ప్రెషర్‌ను తట్టుకోదు, దానికి పంపు కలపొద్దు. ట్యాంకును ఎత్తు చేయాలనుకుంటే 1000 లీటర్లంటే టన్ను బరువు, దిమ్మెలు స్లాబు మధ్యలో కాకుండా పిల్లర్ల మీదికి వచ్చేలా కట్టించండి.