వాయె రెబోకి వెళ్లిరావడం వేరు, అక్కడే ఉండిపోవడం వేరు

ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి కొండల్లో ఉన్న వాయె రెబో అనే ఊరికి ఎలా వెళ్లాలి, నచ్చితే కొన్ని నెలలు అక్కడే ఉండొచ్చా, చిన్న ఇల్లు కొనుక్కోవచ్చా అని అడిగారు. కాళ్లలో సత్తువ ఉంటే వెళ్లడం కష్టం కాదు. ఒకటి రెండు రాత్రులు హాయిగా ఉండొచ్చు. ఇల్లు కొనే ఆలోచన మాత్రం ఇక్కడే వదిలేయండి, ఎందుకో కింద రాశాను.

అంతర్జాతీయ విమానం బాలి దాకా. హైదరాబాద్ వాళ్లకి కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా వెళ్లడం అనువు. బాలిలోని దెన్పసార్ నుంచి ఫ్లోరెస్‌లోని లబువాన్ బాజోకి గంట పైచిలుకు దేశీయ విమానం. ఈ రెండు విమానాల మధ్య ఒక రాత్రి విడిచిపెట్టండి. ఒకే రోజు పెట్టుకుంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో టికెట్ డబ్బులు పోయినట్టే. లబువాన్ బాజో నుంచి కొండ కిందున్న దెంగె ఊరికి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోవాలి. దూరం చూస్తే తక్కువే అనిపిస్తుంది గానీ మలుపుల దారి, నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మ్యాప్ చూపించే సమయాన్ని నమ్మొద్దు. డబ్బు తక్కువలో కావాలంటే రుతెంగ్ పట్నం నుంచి 'ఓతో కోల్' ఎక్కొచ్చు. లారీ వెనక చెక్క బల్లలు వేసి, మనుషుల్నీ బియ్యం బస్తాల్నీ కోళ్లనీ కలిపి ఎక్కించే బండి అది. నడుము నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

రాత్రి దెంగెలో పడుకుని పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టడం మంచి పద్ధతి. దెంగె నుంచి వాయె లొంబా వాగు దగ్గరున్న మొదటి పోస్టు దాకా బైక్ ట్యాక్సీ దొరుకుతుంది, అక్కడివాళ్లు ఒజెక్ అంటారు. ఆ పైన అడవి దారే, మామూలు నడకకి రెండు నుంచి మూడు గంటలు. మొదటి భాగమే నిటారు. తర్వాత వాలు తగ్గుతుంది గానీ తడి మట్టి జారుతుంది. వర్షం పడితే జలగలు తప్పవు. ప్యాంటు అంచుల్ని సాక్స్‌లోకి దోపి, చిన్న సీసాలో ఉప్పునీళ్లు పెట్టుకోండి. స్థానిక గైడ్ ఉండాలి. దారి తప్పుతారని కాదు, ఊళ్లో మీ తరఫున మాట్లాడే మనిషి కావాలి కాబట్టి. వెళ్లాల్సిన కాలం మే నుంచి అక్టోబర్. నవంబర్ తర్వాత వానలకి కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోవచ్చు.

ఊరు కనిపించే ముందు ఒక చిన్న పాక వస్తుంది. అతిథులు వస్తున్నారని తెలిసేలా అక్కడున్న వెదురు గంటని గైడ్ మోగిస్తాడు. దిగగానే ముందు వెళ్లాల్సింది పెద్దింటికి. పూర్వీకులకి మీ రాక చెప్పి రక్షణ కోరే 'వాయె లూ' అనే చిన్న తంతు ఊరి పెద్ద జరిపిస్తారు, కానుకగా కొంత డబ్బు ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా ఫోన్ బయటికి తీయొద్దు, ఒక్క ఫోటో కూడా వద్దు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, పెద్దవాళ్లు మొహం మీద ఏమీ అనరు గానీ బాధపడతారు. ఊరి మధ్యలో రాళ్లు పేర్చిన గుండ్రటి వేదిక 'చొంపాంగ్', పూజ జరిగే చోటు. దాని మీద కూర్చోవద్దు, ఎక్కొద్దు.

ఆ ఇళ్ల గురించి కొంచెం చెప్పాలి, ఇల్లు కొనొచ్చా అన్న ప్రశ్నకి జవాబు వాటిలోనే ఉంది. శంకువు ఆకారంలో, గడ్డి కప్పు దాదాపు నేలని తాకేలా ఏడు ఇళ్లు, వాటిని 'ంబారు నియాంగ్' అంటారు. ఒక్కో ఇంట్లో ఐదు అంతస్తులు. కింద లుతుర్‌లో మనుషులు, దాని పైన లోబోలో ధాన్యం, సామాను. ఆ పైన లెంతార్‌లో విత్తనాలు, లెంపా రాయెలో కరువుకి దాచిన తిండి, కొసన హెకాంగ్ కొదెలో పూర్వీకులకి నైవేద్యం. ఒకే కప్పు కింద ఆరేడు కుటుంబాలు ఉంటాయి. అంటే ఇల్లు ఒక మనిషిది కాదు, వంశానిది. ఒకప్పుడు నాలుగే మిగిలితే, జకార్తాకి చెందిన ఆర్కిటెక్ట్ యోరి అంతార్ బృందం సాయంతో ఊరివాళ్లే మిగతావి కట్టుకున్నారు. 2012లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అత్యున్నతమైనది దీనికే దక్కింది.

అతిథులకి విడిగా ఒక ఇల్లు ఉంటుంది. గుండ్రంగా చాపలు పరిచి, దిండు, దుప్పటి ఇస్తారు, అందరూ ఒకే గదిలో. ఊరు సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఉంది. లంబసింగి చలి తెలిసినవాళ్లకి స్వెటర్ ఎందుకో చెప్పక్కర్లేదు. కరెంటు రోజంతా ఉంటుందని అనుకోవద్దు, పవర్ బ్యాంక్ పెట్టుకోండి. ఊళ్లో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను కలిపి మనిషికి 3,25,000 రూపియాల (ఇండోనేషియా డబ్బు) ధర చాలాకాలం నడిచింది. ఇప్పుడెంతో గైడ్‌ని అడిగి ఖాయం చేసుకోండి. కార్డులు చెల్లవు, ఏటీఎంలు లబువాన్ బాజోలోనో రుతెంగ్‌లోనో ఉంటాయి, నోట్లు అక్కడే తీసుకోవాలి.

శాకాహారులు ముందే చెప్పాలి. 'మాంసం తినను' అంటే సరిపోదు, కోడి, చేప, గుడ్డు ఒక్కోదాని పేరు చెప్పండి. సంబల్ పచ్చడిలో రొయ్యల ముద్ద ఉండొచ్చు. అన్నం, ఆకుకూర ఎలాగూ ఉంటాయి, సంచిలో కందిపొడి ఉంటే దిగుల్లేదు. కాఫీ వాళ్ల తోటల్లో పండించినదే, అరకు వాళ్లకి ఆ గింజలు ఆరబెట్టే పద్ధతి కొత్తగా అనిపించదు. కొంటే అదే కొనండి, డబ్బు నేరుగా ఆ ఇళ్లకే చేరుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. ఫ్లోరెస్‌లో 1997 నుంచి కుక్కల రేబిస్ ఉంది. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, కొండ దిగి రుతెంగ్ లేదా లబువాన్ బాజో ఆసుపత్రికి వెళ్లాలి. బయల్దేరే ముందే ఇంటి దగ్గర టీకా వేయించుకుంటే నయం. మలేరియా మందు గురించి కూడా అప్పుడే డాక్టర్ని అడగండి, తీరంలో, లోతట్టు ఊళ్లలో ఆ భయం ఉంది.

ఇక ఉండిపోవడం. భారతీయులకి అక్కడ దిగాక ఇచ్చే వీసా 5,00,000 రూపియాలు, 30 రోజులు, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, తిరుగు టికెట్ ఉండాలి. గడువు దాటితే రోజుకి 10,00,000 రూపియాల జరిమానా. ఈ వీసాతో పని చేయకూడదు. 'ఊరి పిల్లలకి ఊరికే ఇంగ్లీషు చెప్తాను, అన్నం పెడితే చాలు' అన్నా ఇబ్బందే.

భూమి సంగతి ఇంకా గట్టిది. 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే. స్థానికుడి పేరున కొని వెనక ఒప్పందం రాసుకుందామని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, మీ డబ్బు తిరిగిరాదు. విదేశీయులకి వాడుక హక్కు అని ఒకటుంది గానీ అది పూర్తి యాజమాన్యం కాదు. పైగా వాయె రెబో ఉన్న మంగ్గరాయ్ ప్రాంతంలో ఊరి భూములు సంప్రదాయంగా వంశాలవారీగా పంచుకున్నవి, ఆ పంపకం చూసే పెద్దని 'తువా తెనో' అంటారు. అమ్మే మనిషి చేతిలో కాగితం ఉన్నా ఊరు ఒప్పుకోకపోతే అది గొడవే.

నెలా రెండు నెలలు ఉండాలన్న కోరిక నిజంగా ఉంటే దెంగెలోనో, సముద్రం ఒడ్డున దింతోర్‌లోనో హోమ్‌స్టే చూసుకోండి. దగ్గర్లో వరి పొలాలు, స్కూలు, రోడ్డు ఉన్నాయి. వాయె రెబో పిల్లలు కూడా చదువు కోసం కిందికే దిగుతారు. ఇంటివాళ్లు మీ పాస్‌పోర్టు కాపీ అడిగితే ఇవ్వండి, విదేశీయుడు బస చేస్తున్నాడని స్థానిక అధికారులకి తెలపాలి. వీసా పొడిగించే ఆఫీసు లబువాన్ బాజోలో ఉంది, వీసా అయిపోవడానికి వారం ముందే అక్కడికి చేరుకునేలా రోజులు లెక్క వేసుకోండి.