యూరప్‌లో పైలట్ లైసెన్సు: ఉమ్మడి నిబంధనలు ఎందుకు?

ప్రశ్న: యూరప్‌లో ఒక దేశం ఇచ్చిన పైలట్ లైసెన్సు మిగతా దేశాల్లోనూ చెల్లుతుందని చదివాను. అంతర్జాతీయ పౌర విమానయానంపై 1944లో కుదిరిన షికాగో ఒప్పందం ఉండగా ఈ ప్రత్యేక ఏర్పాటు ఎందుకు అవసరమైంది? ఇప్పుడు ఆ లైసెన్సును యూరోపియన్ యూనియనే జారీ చేస్తుందా?

జవాబు: షికాగో ఒప్పందం ప్రకారం, విమానం ఏ దేశంలో నమోదైందో ఆ దేశం ఇచ్చిన లేదా ఆమోదించిన లైసెన్సు పైలట్ వద్ద ఉండాలి. ఫ్రాన్స్‌లో నమోదైన విమానాన్ని ఫ్రెంచ్ లైసెన్సుతో జర్మనీకి నడపడానికి అడ్డు లేదు. అదే పైలట్ జర్మనీలో నమోదైన విమానాన్ని నడపాలంటే మాత్రం అక్కడి అధికారుల ఆమోదం కావాలి. అంతర్జాతీయంగా నిర్ణయించినవి కనీస ప్రమాణాలే కనుక, వాటిపైన ఒక్కో దేశం తన పరీక్షలను, వైద్య నియమాలను పెట్టుకుంది. పొరుగు దేశంలో ఉద్యోగం కోరే పైలట్లకు ఇది పెద్ద అవరోధమైంది.

లైసెన్సుల పరస్పర ఆమోదంపై 1991లో యూరోపియన్ కమ్యూనిటీ (నేటి యూరోపియన్ యూనియన్‌కు ముందటి రూపం) ఒక ఆదేశం వెలువరించింది. తరువాత జాతీయ విమానయాన అధికారుల ఉమ్మడి వేదిక అయిన జేఏఏ రాసిన లైసెన్సు నిబంధనలు 1999 నుంచి అమలులోకి వచ్చాయి. అయితే జేఏఏకు చట్టం చేసే అధికారం లేదు. ప్రతి దేశమూ వాటిని తన చట్టంలోకి తానే తెచ్చుకోవలసి రావడంతో అమలు తేదీలూ, అన్వయమూ వేరువేరుగా సాగాయి. అసలు లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం: నిబంధనల పాఠం ఒకటే అయినా, దానికి బలమిచ్చే చట్టం ఒకటి కానంతవరకు పైలట్‌కు నిజమైన భరోసా దొరకదు.

కొలోన్ కేంద్రంగా పనిచేసే యూరోపియన్ విమానయాన భద్రతా సంస్థ (ఈయాసా) పరిధిని 2008లో లైసెన్సులకు విస్తరించారు. 2011లో వెలువడిన యూరోపియన్ యూనియన్ 1178వ నిబంధనావళి, 2012 ఏప్రిల్ 8 నుంచి దశలవారీగా, సభ్యదేశాలన్నింటికీ నేరుగా వర్తించింది.

ఇక మీ రెండో సందేహం. సాధారణంగా లైసెన్సు ఇచ్చేది జాతీయ అధికార సంస్థే. విమానం, హెలికాప్టర్ వంటి ఒక్కో రకం గగన వాహనానికి పైలట్ ఒక్క లైసెన్సే కలిగి ఉండాలి. అవసరమైతే దాన్ని, వైద్య రికార్డులతో సహా, మరో సభ్యదేశానికి బదిలీ చేయించుకోవచ్చు. బ్రిటన్ ఈ వ్యవస్థ నుంచి వైదొలగే ముందు చాలామంది పైలట్లు ఇదే చేశారు, ఎందుకంటే 2020 ముగిశాక బ్రిటిష్ లైసెన్సుతో యూనియన్‌లో నమోదైన విమానాలను నడిపే హక్కు పోయింది.

చిన్న విమానాలు నడిపే ఔత్సాహికుల మీద మాత్రం ఈ ఏకీకరణ మొదట్లో మోయలేని భారం మోపింది. వారికోసం 30 గంటల శిక్షణతో లభించే తేలికపాటి విమానాల లైసెన్సు ఉన్నా, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాల ఆధారంగా విమానం నడిపే అర్హతకు) సులభతర మార్గం 2014లో గానీ రాలేదు.